ఇద్దరూ ఉద్యోగం చేస్తూ ఇంట్లో వండుకోవాలంటే పూటకు ఒక్క వంట చాలు

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. మీరిద్దరూ ఉద్యోగస్థులు, బెంగళూరు బెళ్లందూరులో ఉంటున్నారు, ఇంటికి చేరేసరికి రాత్రి ఏడున్నర అవుతుంది. మీకు వంట కొంత వచ్చు కానీ ఓపిక చాలక వారంలో ఐదు రాత్రులు బయటి నుంచి తెప్పించుకుంటున్నారు. వచ్చే నెల మీ అత్తమ్మగారు గుంటూరు నుంచి మీ నాలుగేళ్ల బాబును తీసుకొచ్చి మీతోనే ఉంటారు. అరగంటలో అయిపోయేవి, ఖర్చు తక్కువయ్యేవి, నలుగురూ తినగలిగేవి చెప్పమన్నారు.

మాది అనంతపురం వైపు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. బీటీఎం లేఅవుట్‌లో ఒక ఆడపిల్లల పీజీలో చాలా ఏళ్లు వంట చూసుకున్నాను. తెలుగు పిల్లలే ఎక్కువ ఉండేవాళ్లు, అందరూ రాత్రి ఒకేసారి ఆకలితో వచ్చేవాళ్లు. తక్కువ టైములో, తక్కువ డబ్బుతో కడుపునిండా పెట్టడం అక్కడే బాగా అలవాటైంది.

మీరు రాసినదాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "పప్పు, కూర, చారు, పచ్చడి అన్నీ చేసేసరికి తొమ్మిదిన్నర అవుతోంది, అందుకే మానేశాం" అన్నారు. అసలు చిక్కు అదే అనిపిస్తోంది. మన అమ్మలు రోజుకు నాలుగు రకాలు చేశారంటే పొద్దున్నుంచీ ఆ పని మీదే ఉండేవాళ్లు. పచ్చళ్లు, పొడులు ఏడాది ముందే జాడీల్లోకి చేరిపోయేవి. ఆఫీసు నుంచి వచ్చి స్టవ్ ముందు నిలబడ్డ మనిషి అదే భోజనం పెట్టాలనుకుంటే మూడో రోజుకే విసుగొస్తుంది. అందుకని ఒక నియమం పెట్టుకోండి. పూటకు ఒక్క వంట మాత్రం తాజాగా చేయండి. అన్నం కుక్కర్ చూసుకుంటుంది. పెరుగు, పొడి, పచ్చడి, నెయ్యి ఇంట్లో ఉంటాయి. పప్పు చేసిన రోజు కూర చేయకండి, పులుసు పెట్టిన రోజు పప్పు చేయకండి. దీన్ని లోటుగా అనుకోవద్దు. వేడన్నం, గోంగూర పప్పు, ఒక అప్పడం, గట్టి పెరుగు ఉంటే అది పూర్తి భోజనమే.

ఇక పప్పు సంగతి. బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఇక్కడ కందిపప్పు ఎందుకు ఉడకట్లేదు" అనే. పప్పు మంచిది కాదని కొట్టు మారుస్తుంటారు. దీనికి రెండు కారణాలున్నాయి. ఈ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో పప్పు గుంటూరులో కంటే ఎక్కువసేపు పడుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. మీ వైపు చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు. అవి ఉప్పదనం ఎక్కువున్న గట్టి నీళ్లు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజను మెత్తబడనివ్వవు. పప్పు కడగడానికి కుళాయి నీళ్లు సరిపోతాయి, ఉడకబెట్టడానికి మాత్రం మీరు తాగే ఫిల్టర్ నీళ్లే పోయండి. తేడా మొదటి రోజే తెలుస్తుంది. సోడా ఉప్పు వేస్తే త్వరగా ఉడికే మాట నిజమే, కానీ ఎక్కువైతే రుచి చెడుతుంది, పప్పులోని బి1 విటమిన్ కూడా పోతుంది. నీళ్లు మారిస్తే దాని అవసరమే రాదు.

పులుపు కూడా పప్పును ఉడకనివ్వదు. చింతపండు, టమాటా, గోంగూర, మామిడికాయ ఏదైనా సరే పప్పు మెత్తబడ్డాకే కలపాలి. గోంగూరను పక్క బర్నర్ మీద కొద్ది నూనెలో మగ్గించి, తర్వాత పప్పులో వేసి ఎనిపితే సరి. తోటకూర, పాలకూర అయితే పప్పుతోనే కుక్కర్‌లో పెట్టేయొచ్చు.

ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని ఇది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, ఇద్దరికి అర కప్పు, అంటే 100 గ్రాముల కందిపప్పు వేడి నీళ్లలో నానేయండి. బట్టలు మార్చుకుని, స్నానం చేసి వచ్చేసరికి ఇరవై నిమిషాలు నానుతుంది. ఐదు లీటర్ల కుక్కర్‌లో కింది గిన్నెలో పప్పు, కప్పుకు మూడు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, పొంగకుండా అర చెంచా నూనె. పై గిన్నెలో బియ్యం, పాత సోనామసూరి అయితే గ్లాసుకు రెండుంపావు గ్లాసుల నీళ్లు. నాలుగు విజిల్స్ రానిచ్చి, మంట తగ్గించి ఐదు నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆవిరి దానంతట అదే దిగాలి. ఆ లోపు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా తరిగి తాలింపు సిద్ధం చేసుకోవచ్చు. మొత్తం నలభై నిమిషాలు పట్టినా మీరు నిలబడి పని చేసేది పదిహేను నిమిషాలే. అంత టైము కూడా లేని రోజు పెసరపప్పు పెట్టండి. నానబెట్టక్కర్లేదు, రెండు విజిల్స్‌కే మెత్తబడుతుంది.

ఆదివారం, బుధవారం పప్పు కాస్త ఎక్కువ ఉడకబెట్టి, ఉప్పు, పులుపు, కారం ఏమీ కలపకుండా సగం తీసి స్టీలు డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మరుసటి రోజు అదే పప్పుచారు అవుతుంది. ములక్కాడ, సొరకాయ, ముల్లంగి ఏది ఉంటే అది వేసి, చింతపండు రసం, చారు పొడి కలిపి మరిగిస్తే ఇరవై నిమిషాల పని. మూడు రోజులకు మించి ఉంచొద్దు. వాడేటప్పుడు కావలసినంతే తీసుకుని వేడి చేయండి. డబ్బా మొత్తం వేడి చేసి, మళ్లీ చల్లార్చి పెట్టడం మంచిది కాదు.

పప్పు కాని రోజులకు నా మొదటి ఓటు పెసరట్టుకే. దోసెల పిండి పులియడానికి బెంగళూరు చలి అడ్డం పడుతుంది. డిసెంబరు, జనవరిలో రాత్రంతా ఉంచినా పిండి పొంగదు. పెసరట్టుకు ఆ టెన్షన్ లేదు. పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందు ఒక కప్పు పచ్చ పెసలు, గుప్పెడు బియ్యం నానేసి వెళ్లండి. ఎండాకాలం అయితే ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే వాసన వస్తుంది. రాత్రి రాగానే అల్లం, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బి, బాబుకు ఒక గరిటె పిండి పక్కకు తీసి, మిగిలినదాంట్లో పచ్చిమిర్చి వేసి ఇంకోసారి తిప్పండి. కప్పు పెసలకు ఏడెనిమిది అట్లు వస్తాయి. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం పచ్చడి ఉంటే ఇంకేమీ వద్దు. కడుపు నిండుతుంది, మాంసకృత్తులు అందుతాయి, అన్నం కూడా వండక్కర్లేదు. పీజీలో పిల్లలు వారానికోసారి అడిగి మరీ చేయించుకునేవాళ్లు.

గుడ్లు తింటారని రాశారు కాబట్టి పగలేసిన కోడిగుడ్డు పులుసు తప్పకుండా నేర్చుకోండి. గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీసి, వేయించే పని ఏదీ ఉండదు. రెండు ఉల్లిపాయలు, ఒక టమాటా నూనెలో మగ్గించి, పసుపు, ఒకటిన్నర చెంచా కారం, ధనియాల పొడి, ఉప్పు వేయండి. చిన్న నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన రసం, రెండు గ్లాసుల నీళ్లు పోసి పది నిమిషాలు బాగా మరగనివ్వండి. చిటికెడు బెల్లం వేస్తే రుచి కుదురుతుంది. మంట తగ్గించి నాలుగు గుడ్లు నాలుగు చోట్ల పగలగొట్టి వదలండి. గరిటె పెట్టి తిప్పితే పులుసంతా చెదిరిపోతుంది, ముట్టుకోకండి. మూత పెట్టి ఆరు నిమిషాలు ఉంచితే తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడతాయి. బాబు, పెద్దావిడ తింటారు కాబట్టి పచ్చసొన పూర్తిగా ఉడికిందో లేదో చూసుకోండి.

మీ గుంటూరు వైపు అంతగా కనిపించదు కానీ మా వైపు బొరుగుల (మరమరాల) ఉగ్గాణి అంటే ప్రాణం. బళ్లారిలోనూ ఇదే. బొరుగులను ఇక్కడి కొట్లలో కడ్లెపురి అంటారు, అలా అడిగితే ఇస్తారు. నీళ్లలో ముంచి ఒక్క నిమిషం ఉంచి, నీళ్లు పిండేసి పక్కన పెట్టుకోండి. ఆవాలు, కరివేపాకు తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముద్ద, పసుపు, టమాటా మగ్గాక బొరుగులు కలపండి. చివర పుట్నాల పొడి రెండు చెంచాలు, కొత్తిమీర చల్లి, నిమ్మకాయ పిండి దించేయడమే. మొత్తం పది నిమిషాలు. పుట్నాల పొడి మానేయకండి, అది లేకపోతే ఉగ్గాణికి రుచి రాదు. పక్కన మిరపకాయ బజ్జీలు వేసుకోవడం మా ఆచారం, అవి సెలవు రోజుకు ఉంచుకోండి. అర కిలో ప్యాకెట్ ఇద్దరికి నాలుగు సార్లు వస్తుంది, దీనికన్నా చవక వంట నాకు తెలియదు.

పొడుల కోసం ఆదివారం ఒక్క గంట పెట్టుకోండి. కందిపొడి ముందు చేయండి. కప్పు కందిపప్పు, పావు కప్పు శనగపప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, అన్నీ విడివిడిగా సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే పప్పు బయట మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పూర్తిగా చల్లారాక ఉప్పు, ఇంగువ వేసి బరకగా పట్టండి. తడి తగలని సీసాలో నెల పైనే ఉంటుంది. బాబు కోసం రెండు మిరపకాయలతో విడిగా కొంచెం చేసి పెడితే, నెయ్యి, కందిపొడి అన్నంతో వాడి రాత్రి భోజనం గడిచిపోతుంది. పల్లీ పొడి, కరివేపాకు పొడి కూడా అంతే, రెండో వారంలో చేసుకోవచ్చు. పులిహోర ముద్ద కూడా ఒకసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మిగిలిన అన్నానికి అక్కరకొస్తుంది. 100 గ్రాముల చింతపండు గుజ్జును నూనె తేలేదాకా ఉడికించి తాలింపు కలిపితే సరి, ఆ ముద్ద నాలుగు వారాలు పాడవదు.

మిగిలిన అన్నం అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. రాత్రి వండిన అన్నం కుక్కర్‌లోనే వదిలేసి పొద్దున డబ్బాల్లో సర్దుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. వండిన అన్నం వెచ్చగా గంటలకొద్దీ ఉంటే అందులో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రెండు గంటల్లోపు వెడల్పు గిన్నెలోకి తీసి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. చిన్నపిల్లాడున్న ఇంట్లో ఇది అశ్రద్ధ చేయొద్దు.

కూరగాయలకు కె.ఆర్. మార్కెట్‌కు వెళ్లమని ఎవరైనా చెప్పే ఉంటారు. అక్కడ చవకే, కానీ బెళ్లందూరు నుంచి వెళ్లి వచ్చే ఖర్చు, సమయం లెక్కేస్తే ఇద్దరికి గిట్టుబాటు కాదు. నలుగురు అయ్యాక నెలకోసారి మడివాళ మార్కెట్‌కు వెళ్లి ఉల్లి, బంగాళాదుంప, వెల్లుల్లి, చింతపండు లాంటివి తెచ్చుకుంటే చాలు. మిగతావి ఇంటి ముందుకు వచ్చే బండి మీద, లేదా దగ్గర్లో హాప్‌కామ్స్ అంగడి ఉంటే అక్కడ కొనండి. అది ఉద్యాన రైతుల సహకార సంఘం నడిపేది. ఆకుకూరలు కొన్న రెండు రోజుల్లోపు వండేయండి. తర్వాత బెండ, వంకాయ. చివరికి క్యారెట్, క్యాబేజీ, దొండ, బెంగళూరు వంకాయ. ఈ వరుస పాటిస్తే పారేసేది ఉండదు. బెంగళూరు వంకాయను ఇక్కడ సీమెబదనెకాయి అంటారు. మన తెలుగువాళ్లు దాన్ని చప్పిడిదని పక్కన పెడతారు. పెసరపప్పు, కొబ్బరి, జీలకర్రతో వండి చూడండి, పిల్లలు ఇష్టంగా తింటారు. తోటకూర కావాలంటే దంటు సొప్పు అని అడగండి.

చలికాలంలో అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయలు) వస్తాయి, ఇక్కడివాళ్ల అవరేకాయి అదే. బసవనగుడి వైపు ఏటా వాటి కోసం మేళా కూడా పెడతారు. గింజ నానబెట్టి పైపొట్టు పితికిన పప్పును హితికిద బేళె పేరుతో అమ్ముతారు. ధర ఎక్కువే, రోజూ వండేది కాదు. కానీ మా రాయలసీమలో పితికిపప్పు కూర, రాగి సంకటి లేకుండా సంక్రాంతి వెళ్లదు. మీ అత్తమ్మగారికి ఒక ఆదివారం చేసి పెట్టండి.

డబ్బు లెక్క అడిగారు. ధరలు వారం వారం మారుతుంటాయి కాబట్టి లెక్క ఎలా వేయాలో చెప్తాను, మీ కొట్టు ధరలు పెట్టుకోండి. కందిపప్పు కిలో 160 రూపాయలు అనుకుంటే 100 గ్రాములకు 16. బియ్యం కిలో 60 అనుకుంటే పావు కిలోకు 15. ఆకుకూర కట్ట 20, పెరుగు 20, నూనె, తాలింపు, గ్యాస్‌కు ఇంకో 20. ఇద్దరి భోజనం 91 రూపాయలు. ఇదే ఆర్డర్ పెడితే డెలివరీ చార్జీతో 350 అనుకోండి. నెలకు 20 రాత్రులకు తేడా 5,180. బాబు స్కూలు వ్యాన్‌కో, బడి ఫీజుకో ఆ డబ్బు పనికొస్తుంది. కొత్త సామాన్లు మాత్రం కొనకండి. ఐదు లీటర్ల కుక్కర్, తాలింపులకూ పొంగలికీ మూడు లీటర్లది ఒకటి, మిక్సీ, మందపాటి మూకుడు, పెనం ఉంటే నేను చెప్పినవన్నీ అయిపోతాయి.

నలుగురయ్యాక వంటలు పెరగక్కర్లేదు, కారం దగ్గర మాత్రం తెలివి చూపాలి. పప్పులో కారం, తాలింపు కలిపే ముందు బాబుకు ఒక గిన్నెలోకి తీసి నెయ్యి కలపండి. పెద్దావిడకు బీపీ ఉంటే ఉప్పు కూడా అప్పుడే తగ్గించి తీయొచ్చు, పచ్చడి, అప్పడం విషయంలోనూ చూసుకోవాలి. వారానికి ఒక రాత్రి కట్టె పొంగలి పెట్టుకోండి. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, ఆరు గ్లాసుల నీళ్లు, నాలుగు విజిల్స్. మిరియాలు, జీలకర్ర, అల్లం నేతిలో వేయించి కలిపితే చిన్నవాడికీ, పెద్దావిడకూ, అలసిపోయిన మీకూ ఒకే గిన్నెలో సరిపోతుంది.

ఇంకొక మాట, మనసులో ఉంచుకోకుండా చెప్పేస్తున్నాను. అత్తమ్మగారు వచ్చాక వంటంతా ఆవిడ మీదకు జారిపోతుంది. ఆవిడ వద్దనరు, చేస్తానంటారు. పగలంతా నాలుగేళ్ల పిల్లాడి వెనక పరిగెత్తిన మనిషికి రాత్రి వంట కూడా అప్పగించడం న్యాయం కాదు. ముందే మాట్లాడుకుని, పెసలు నానేయడం, ఆకుకూర తుంచడం లాంటి కూర్చుని చేసే పనులు ఆవిడకు ఇష్టమైతేనే వదిలి, స్టవ్ పని మీరిద్దరూ పంచుకోండి. ఒకరు తరుగుతుంటే ఒకరు తాలింపు వేస్తే పని సగమవుతుంది. మీవారికి వంట రాదన్నారు. అన్నం, పెసరట్టు, గుడ్ల పులుసు, ఈ మూడు నేర్పించండి, ఆయన వంతు మూడు రాత్రులు గడిచిపోతాయి.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కుని తొమ్మిదింటికి ఇల్లు చేరే రోజులు ఎలాగూ ఉంటాయి. ఆ రోజు కూడా పూర్తి ఆర్డర్ పెట్టకండి. ఇంట్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి కుక్కర్‌లో అన్నం పెట్టమనండి. మీ వైపు, మారతహళ్లి వైపు తెలుగువాళ్ల కర్రీ పాయింట్లు చాలా ఉన్నాయి. దారిలో ఒక కూర, ఒక సాంబారు ప్యాకెట్ తీసుకుని వెళ్తే నలుగురూ పది నిమిషాల్లో భోజనానికి కూర్చోవచ్చు. బాబుకు కందిపొడి, నెయ్యి ఉండనే ఉన్నాయి.